నలభై మూడో సర్వర్

సర్వర్ గది, పెద్ద బస్ స్టేషన్ మేడమీద
జనవరి 12

మావయ్యకి,

రిటైరైన రోజే ఫోను ఆఫీసులో ఇచ్చేశావట. "ఇరవై ఆరేళ్ళు దీన్ని నడుముకి కట్టుకుని తిరిగాను. ఇక నాతో పనున్నవాళ్ళు ఉత్తరం రాయండి, అది చేరేలోపు సగం సమస్యలు వాటంతటవే సర్దుకుంటాయి" అన్నావట. ఇక్కడ ఇంకా చెప్పుకుని నవ్వుతున్నారు. అందుకే రాస్తున్నాను. ఆఫీసు ఉత్తరాల సంచిలో వేస్తే సాయంత్రం బస్సుకి మీ ఊరు చేరుతుందన్నారు.

నీ కుర్చీలో కూర్చుని నాలుగున్నర నెలలైంది. నీ మేనకోడలినని ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు. ఆరు నెలల పరీక్షాకాలం ఫిబ్రవరి 28తో ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం కావాలంటే ఒకటే షరతు. మన పద్నాలుగు బస్ స్టేషన్లలోనూ, ఇక్కడా కలిపి ఉన్న లినక్స్ సర్వర్లన్నిటినీ కొత్త మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కిందికి తేవాలి. నువ్వు ఒక్కో సర్వర్‌లోకీ విడివిడిగా వెళ్ళి చేసిన పని ఇప్పుడు ఒక్కచోట కూర్చుని చెయ్యొచ్చు. సర్వర్ ఎలా ఉండాలో ఒకసారి రాసిస్తే, అరగంటకోసారి అన్నిటినీ చూసి వస్తుంది. ఎక్కడైనా తేడా ఉంటే సరిచేసి, నా తెరమీద ఆ సర్వర్ పక్కన ఎర్రచుక్క పెడుతుంది. లేకపోతే పచ్చచుక్క. 28న అన్నీ పచ్చగా కనబడాలి. లేదంటే పని బయటి కంపెనీకి, నేను ఇంటికి.

మా మేనేజర్‌కి పచ్చచుక్కలంటే ప్రాణం. మేం ఆయన్ని పచ్చచుక్కల సారు అనే పిలుచుకుంటాం.

రెండు ప్రశ్నలు. గోడమీద నువ్వు అంటించిన జాబితాలో సర్వర్లు నలభై రెండు. సాఫ్ట్‌వేర్ లెక్కలో నలభై మూడు. ఆ నలభై మూడోది ఎక్కడుంది? రెండోది, పద్నాలుగు స్టేషన్లలో హాలు గడియారం నడిపే ఫైలు ఎంత సరిచేసినా మళ్ళీ మారుతోంది. ఎందుకు?

నీ
పిడుగు

—

ఇల్లు, బస్ స్టేషన్ వెనక వీధి
జనవరి 15

పిడుగూ,

ఉత్తరం అందింది. చేతిరాత మీ అమ్మదే, గొడవపడే గుణం కూడా.

నలభై మూడో సర్వర్ సంగతి నాకు గుర్తులేదు. వయసు మీదపడ్డాక ఏది గుర్తుంటుంది. గడియారాల విషయానికొస్తే, వానాకాలంలో తీగలు చెమ్మెక్కి ఏవో తిక్కలు చేస్తుంటాయి. పట్టించుకోకు. ఎర్రచుక్క ఉంటే ఉండనీ, నా ముఖాన కూడా ఒకటుంది, దాంతోనే అరవై ఏళ్ళు బతికాను.

ఇక్కడ అంతా మామూలే. మీ అత్తయ్య ఈ ఉత్తరాన్ని పొద్దున స్కూలుకి వెళ్తూ ఎనిమిదీ పది బస్సు సంచిలో వేస్తుంది. సంచి ఆ బస్సుకే వెళ్తుంది. ఎప్పటిలాగే ఆఖరి నిమిషంలో చేరుతుంది, ఎప్పటిలాగే బస్సు దొరుకుతుంది. "పంతొమ్మిదేళ్ళలో ఒక్క బస్సు తప్పిపోలేదు. లెక్కల టీచరంటే డ్రైవర్లకి గౌరవం, నేనొచ్చేదాకా కదల్రు" అని ఊరంతా చెప్పుకుంటుంది. నేను తలూపుతాను.

గడియారాలు ముట్టుకోకుండా మిగతావి చూసుకో.

మావయ్య

—

సర్వర్ గది
జనవరి 22

మావయ్యకి,

ఇది జనవరి. వానలు ఆగి రెండున్నర నెలలైంది. పద్నాలుగు ఊళ్ళలో ఒకే పావుగంటకి చెమ్మెక్కే తీగలు నేనెక్కడా చూడలేదు.

జరిగేది చెప్తాను. నా సాఫ్ట్‌వేర్ గంట కొట్టగానే ఒకసారి, అరగంటకి ఒకసారి వెళ్ళి హాలు గడియారాన్ని సరైన టైముకి పెడుతుంది. సరిగ్గా పావుగంట తర్వాత ఎవరో వచ్చి దాన్ని మూడు నిమిషాలు ముందుకి జరుపుతున్నారు. మళ్ళీ నాది వెళ్ళి వెనక్కి. మళ్ళీ వాళ్ళొచ్చి ముందుకి. ఉప్పు డబ్బా ఎక్కడుండాలో తేల్చుకోలేని అత్తాకోడళ్ళలా ఉంది, మాటా మంతీ లేదు, డబ్బా మాత్రం రోజుకి నలభై ఎనిమిదిసార్లు అటూ ఇటూ నడుస్తోంది.

నిన్న ఒక ప్రయాణికుడు అర్జీ పెట్టాడు. హాల్లో పొద్దున తొమ్మిది రెండుసార్లు అయిందట. మొదటి తొమ్మిదికి లేచి నిలబడ్డాడట, రెండో తొమ్మిదికి మళ్ళీ కూర్చున్నాడట, ఏ తొమ్మిదికి బస్సెక్కాలో రాతపూర్వకంగా తెలపమన్నాడు. నేను కిందికి వెళ్ళి చూశాను. నిజమే. తొమ్మిదీ మూడు దాకా వెళ్ళి, మళ్ళీ తొమ్మిదైంది. బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్ళు దీనికోసమే రోజూ వస్తున్నారట. చప్పట్లు కొట్టారు.

ఇంకోటి గమనించాను. డ్రైవర్ల గదిలో గడియారం మాత్రం ఎవరూ ముట్టుకోవడంలేదు. అది ఎప్పుడూ సరిగ్గానే ఉంది. చెమ్మకి అంత వివేకం ఎక్కణ్ణించి వచ్చింది?

ఈ మార్పులన్నీ ఒకే చోటునుంచి వస్తున్నాయి. ఆ నలభై మూడో సర్వర్ నుంచి. ఎక్కడుందో చెప్పు మావయ్యా. ఇంక ఐదు వారాలే ఉంది.

పిడుగు

—

ఇల్లు
జనవరి 24

పిడుగూ,

అది నేను పెట్టింది కాదు. పెట్టినా ఎక్కడ పెట్టానో తెలీదు. తెలిసినా అది పాత సామాను, దాన్ని వెతుకుతూ సమయం పాడుచేసుకోకు. ఎంక్వైరీ కౌంటర్ వైపు అసలు వెతకొద్దు, అక్కడ జనం ఎక్కువ.

ఇక్కడ ఎండ బావుంది.

మావయ్య

—

సర్వర్ గది
జనవరి 31

మావయ్యకి,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ, ఏ గుమ్మడికాయ ఎక్కడ దాచాడో కూడా రాసి పంపిన దొంగని నీలోనే చూశాను.

నీ ఉత్తరం చదివి నేరుగా ఎంక్వైరీ కౌంటర్‌కి వెళ్ళాను. మైకులో బస్సులు పిలిచే పిన్ని అక్కడ కూర్చుంది. తీగ పట్టుకుని వంగి వంగి పోతే ఆవిడ కుర్చీ కిందికి చేరాను. పూల గలీబు తొడిగిన పెట్టె ఒకటి, దానిమీద ఆవిడ రెండు పాదాలూ. గలీబు ఎత్తితే నలభై మూడో సర్వర్. పదకొండేళ్ళుగా ఒక్కసారీ ఆగకుండా నడుస్తోంది, నా సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం.

పిన్ని కాళ్ళు తియ్యలేదు. "మీ మావయ్య నాకిచ్చిన బహుమతి. చలికాలం కాళ్ళు వెచ్చగా ఉంటాయి, ఎవరొచ్చి అడిగినా ఆపనివ్వకండి అన్నాడు" అంది. అని మైకు ఆన్ చేసుంచినట్టు గుర్తొచ్చి కట్టేసింది. హాలంతా విన్నారు. బెంచీ మీద ముసలివాళ్ళు మళ్ళీ చప్పట్లు.

ఆవిడ కాళ్ళు అలాగే ఉండగా, మేడమీద నా గదిలోంచే ఆ సర్వర్ లోపలికి వెళ్ళి చూశాను. నువ్వు సొంతంగా రాసుకున్న ప్రోగ్రాం. పద్నాలుగు స్టేషన్లకీ వెళ్ళి ఏ ఫైలు ఎలా ఉండాలో సరిచూసి వస్తుంది. నా సాఫ్ట్‌వేర్ చేసే పనే, మావయ్యా, కంపెనీలు అమ్మడం మొదలుపెట్టకముందే నువ్వు రెండువందల పదిహేను లైన్లలో రాసేశావు. చదువుతూ నేనే లేచి నిలబడ్డాను. మిగతా పనులన్నీ ఎప్పుడో ఆపేశావు, గడియారం పని ఒక్కటే ఉంచావు. మూడు నిమిషాలు ఎందుకో మాత్రం ఎక్కడా రాయలేదు.

నిన్న మధ్యాహ్నం రెండింటికి ఆ ప్రోగ్రాం ఆపేశాను. పెట్టె ఆపలేదు, పిన్ని కాళ్ళకోసం. రెండున్నరకి తెరమీద నలభై రెండు పచ్చచుక్కలు. నేను కుర్చీలో మూడు చుట్లు తిరిగాను. దాని ఎడమ చెయ్యి ఊడి వచ్చేసింది. నీకు గుర్తుండే ఉంటుంది, దారం కట్టి నడిపించావు కదా.

పిడుగు

—

ఇల్లు
ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది

పిడుగూ,

వెంటనే ఆ ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెట్టు. కారణం అడక్కు.

ఫిబ్రవరి 3. నిన్న ఈ ఉత్తరం వెళ్ళలేదు. మీ అత్తయ్యకి బస్సు తప్పిపోయింది. ఇంట్లో గోడగడియారాన్ని ఒకటో తారీఖున బస్ స్టేషన్ చూసి సరిచేసుకోవడం ఆవిడకి అలవాటు. మొన్న కూడా సరిచేసింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, నిన్న ఆవిడ గేటు దగ్గరికి చేరేసరికి బస్సు మలుపు తిరుగుతోందట. తర్వాతి బస్సు ఎనిమిదిన్నరకి ఎక్కి వెళ్ళింది, ఉత్తరాల సంచి మాత్రం ముందు బస్సుకే వెళ్ళిపోయింది కదా. సాయంత్రం ఆవిడ రాగానే నేనే, కొత్త డ్రైవరేమో అన్నాను. పాతాయనే అంది.

ఫిబ్రవరి 4. నిన్నా, ఇవాళా కూడా తప్పిపోయింది. ఉత్తరం ఇంకా ఆవిడ చేతిసంచిలోనే ఉంది.

ఫిబ్రవరి 5. మళ్ళీ. "డ్రైవర్లకి నామీద గౌరవం పోయినట్టుంది, ఎందుకంటారు?" అని నన్నే అడిగింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. రేపు ఏడున్నరకే ఇంట్లోంచి పంపిస్తాను. గడియారాన్ని మునుపటిలా ఉంచు తల్లీ. ఇంతకంటే ఈ కాగితం మీద రాయలేను. ఇది ఎవరి చేతులమీదుగా వెళ్తుందో నీకు తెలుసు.

మావయ్య

—

సర్వర్ గది
ఫిబ్రవరి 11

మావయ్యకి,

అత్తయ్య ఒక్కతే కాదు. ప్రోగ్రాం ఆపిన పన్నెండు రోజుల్లో పద్నాలుగు స్టేషన్లలో ముప్పై ఎనిమిది ఫిర్యాదులు. అన్నీ ఒకటే. నేను టైముకే వచ్చాను, బస్సు ముందే వెళ్ళిపోయింది. మామూలుగా వారానికి ఒకటి వస్తుందట. బస్సులు మాత్రం సెకను తేడా లేకుండా బయల్దేరుతున్నాయి, రికార్డు చూశాను.

అసలైన కథ నిన్న జరిగింది. పదింటికి పచ్చచుక్కల సారు సమావేశం. క్రమశిక్షణ గురించి మాట్లాడతానని నోటీసు ఇచ్చారు. పదిన్నరకి వచ్చారు, టై జేబులో పెట్టుకుని, చెమటలతో. పక్క ఊరినుంచి రోజూ బస్సులోనే వస్తారాయన. ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి బస్సు తప్పిపోయిందట. ఎవరూ నవ్వలేదు. నేను కిటికీ వైపు తిరిగి దగ్గాను.

సమావేశం అయ్యాక లోపలికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మూడు నిమిషాల సంగతి, ముప్పై ఎనిమిది ఫిర్యాదుల సంగతి. నీ పేరు చెప్పలేదు, పెట్టెమీద గలీబు గురించి కూడా చెప్పలేదు. ఆయన చాలాసేపు తన చేతిగడియారం చూసుకున్నారు. తర్వాత అన్నారు: "సాఫ్ట్‌వేర్‌లో తేడా ఉండొచ్చు. కారణం లేని తేడా ఉండకూడదు. చేసినవాడు తన చేత్తో కారణం రాసి సంతకం పెట్టి పంపితే, మూడు నిమిషాలే రూలు అని రాసేద్దాం. పంపకపోతే గడియారం సరిగ్గానే నడుస్తుంది, నేను ఇంట్లోంచి ముందే బయల్దేరతాను."

28 లోపు కావాలి. గడియారం ఇప్పుడున్నట్టే వదిలేస్తే నా చుక్కలు పచ్చగానే ఉంటాయి, ఉద్యోగం ఖాయం. కానీ హాల్లోకి దిగినప్పుడల్లా ఎవరో ఒకరు బస్సు వెనక పరిగెడుతున్నారు. నాకు బావుండటం లేదు. కారణం రాసి పంపు.

ఒక్క అనుమానం. గడియారం మూడు నిమిషాలు ముందుంటే, జనానికి మన బస్సులు రోజూ మూడు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరినట్టు కనబడదా?

పిడుగు

—

బస్ స్టేషన్, రెండో ప్లాట్‌ఫాం బెంచీ
ఫిబ్రవరి 16

పిడుగూ,

ఇది ఇంట్లో రాయడంలేదు. మీ అత్తయ్య ఉత్తరాలన్నీ విప్పి చదువుతుందని నాకు పదేళ్ళుగా తెలుసు. నడకకని చెప్పి ఆరింటికే వచ్చేశాను, ఆవిడ రాకముందే కండక్టర్ చేతికి ఇచ్చేస్తాను.

విను. పంతొమ్మిదేళ్ళ క్రితం మాకు కొత్తగా పెళ్ళయింది. మీ అత్తయ్యకి స్కూల్లో కొత్త ఉద్యోగం, నీకులాగే ఖాయం కాలేదు. ఒక నెలలో నాలుగుసార్లు ఎనిమిదీ పది తప్పిపోయింది. అప్పట్లో ఆ తర్వాతి బస్సు పదింటికే. ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదని హెడ్మిస్ట్రెస్ కాగితం ఇచ్చింది. ఆవిణ్ణి ముందే లెమ్మని చెప్పి చూశాను. ఫలితం నువ్వు ఊహించుకోగలవు. మనిషిని మార్చడం కంటే గడియారాన్ని మార్చడం తేలికనిపించింది.

మొదట మా ఒక్క స్టేషన్‌లోనే మార్చాను. రెండు రోజులు నిద్రపట్టలేదు. పెళ్ళాం కోసం ప్రభుత్వ గడియారం తిప్పాడంటారు కదా. అందుకని పద్నాలుగు స్టేషన్లలోనూ తిప్పేశాను. ఇక ఎవరూ పక్షపాతం అనలేరు. పెట్టెని పిన్ని కాళ్ళ కిందికి చేర్చింది మాత్రం పదకొండేళ్ళ క్రితమే.

ఆ తర్వాత అంకెలు చూశాను. బస్సు తప్పిపోయిందన్న ఫిర్యాదులు అంతకుముందు ఏడాది నాలుగువందల పన్నెండు. తర్వాతి ఏడాది యాభై ఏడు. రిటైరయ్యేటప్పుడు ఆపేద్దామనుకున్నాను, చేతులు రాలేదు.

నీ అనుమానం సరైనదే, ఆలస్యంగా బయల్దేరతాయని మనల్ని తిట్టేవాళ్ళున్నారు. బస్సు ఆలస్యమైందని తిట్టేవాడు బస్సులో కూర్చుని తిడతాడు. వెళ్ళిపోయిందని తిట్టేవాడు రోడ్డుమీద నించుని తిడతాడు. నాకు మొదటి తిట్టే ఇష్టం. అందరికీ ఇప్పుడు జేబులో ఫోనుంది కదా అంటావు. ఉన్నా సరే, హాల్లోకి రాగానే తలెత్తి పెద్ద గడియారం చూసి పరుగందుకుంటారు.

కారణం వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఒక్కటే కోరిక. మీ అత్తయ్యకి తెలియనివ్వకు. పంతొమ్మిదేళ్ళు డ్రైవర్లు తనకోసమే ఆగారని నమ్మింది. ఆ నమ్మకం తీసేస్తే ఆవిడ నన్ను ఏమీ అనదు, అదే నా భయం.

మావయ్య

—

ఎనిమిదీ పది బస్సు, కిటికీ పక్క సీటు
ఫిబ్రవరి 16

అమ్మాయీ,

చేతిరాత వంకర్లు పోతే తప్పు నాది కాదు, రోడ్డుది.

దీనితోపాటు మీ మావయ్య ఉత్తరం ఉంది. ఆయన దీన్ని కండక్టర్ చేతికి ఇచ్చి, స్తంభం వెనక నిలబడి నన్ను చూస్తున్నాడు. ఆ కండక్టర్ చేతులనిండా టిక్కెట్లు. నేనెక్కగానే, "టీచరమ్మా, ఇది కూడా ఆఫీసు సంచిలో వేసెయ్యండి, రోజూ వేసేది మీరేగా" అని నాకే ఇచ్చాడు. చదివాను. ఎప్పుడూ చదువుతాను.

నేను లెక్కల టీచర్ని. పంతొమ్మిదేళ్ళ క్రితం, గడియారం మార్చిన మొదటి వారంలోనే స్కూలు గంటకీ బస్ స్టేషన్‌కీ మూడు నిమిషాల తేడా కనిపెట్టాను. గడియారాలు చూసే మనిషితో కాపురం చేస్తూ అది ఎవరి పనో తెలుసుకోవడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. మొదటి ఏడాది ముందే వెళ్ళాను, ఉద్యోగం నిలబెట్టుకున్నాను. తర్వాత, ఆయనిచ్చిన మూడు నిమిషాలు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎందుకు ఖర్చు చెయ్యాలి అనిపించింది. ఇంట్లోనే ఉంచుకున్నాను. మీ మావయ్య టీ కలిపి ఇస్తాడు, గుమ్మం మెట్టుమీద ఇద్దరం కూర్చుని తాగుతాం. మూడు నిమిషాలు పడుతుంది. హాలు గడియారంలో ఎనిమిదీ పన్నెండు అయ్యేసరికి నేను గేటు దగ్గరుంటాను, ఎనిమిదీ పదమూడుకి బస్సు కదులుతుంది.

డ్రైవర్లు నాకోసం ఆగుతారని అనకపోతే, మరి ఆఖరి నిమిషంలో వచ్చి ఈవిడ రోజూ ఎలా అందుకుంటోందని జనం ఆయన్ని అడగరూ? ఎవరో ఒకరు ఆ అబద్ధం ఆడాలి.

ఫిబ్రవరి 2న బస్సు నిజంగానే తప్పిపోయింది. ఆ తర్వాత మూడు రోజులూ కావాలనే. ఆయన ముఖం చూడాలని. ఇంకో రోజు సాగదీసుంటే చెప్పేసేవాడే, జాలేసింది. అప్పట్నించీ ఏడున్నరకే నన్ను బయటికి తోసేస్తున్నాడు. టీ లేదు.

నాకు తెలుసని ఆయనకి చెప్పకు. తెలిస్తే ఇక దాచడానికేమీ లేక దిగులుపడతాడు. ఆయన కారణం కాగితం బావుంది, కామాలు నేను సరిచేశాను. గడియారం తొందరగా తిప్పు.

అత్తయ్య

—

సర్వర్ గది
ఫిబ్రవరి 28

మావయ్యకి,

నీ ఉత్తరం భద్రంగా నా చేతికే వచ్చింది. అత్తయ్యకి ఏమీ తెలీదు, నిశ్చింతగా ఉండు.

కారణం కాగితం పచ్చచుక్కల సారు రెండుసార్లు చదివి, కామాలు చక్కగా పెట్టారని మెచ్చుకున్నారు. ఆయన ఎదురుగానే రూలు మార్చాను. హాలు గడియారం: మూడు నిమిషాలు ముందు. డ్రైవర్ల గడియారం: సరైన టైము. కారణం: "ప్రయాణికుడు పరిగెత్తుతూ వస్తాడు కాబట్టి." బాధ్యులు: నేను. ఇక ఎవరు మార్చినా అరగంటలో నా సాఫ్ట్‌వేరే వెళ్ళి మళ్ళీ మూడు నిమిషాలు ముందుకి జరుపుతుంది. నీ ప్రోగ్రాం ఇక విశ్రాంతి తీసుకోవచ్చు. రెండువందల పదిహేను లైన్లూ అచ్చువేసి గోడమీద, నీ జాబితా పక్కన అంటించాను. ఆ రూలు అమలయ్యే సమయానికి నేను కింద హాల్లోకి దిగి ఉన్నాను. గడియారం ఒక్క గెంతులో మూడు నిమిషాలు దూకింది. బెంచీ మీద ముసలివాళ్ళిద్దరూ లేచి నిలబడ్డారు. ఈ వారం ఫిర్యాదు ఒక్కటే, గడియారం గంతులు మానేసిందని, రాసింది వాళ్ళే.

ఇవాళ పదకొండింటికి తెర చూపించాను. ఉద్యోగం ఖాయమైంది. కొత్త కుర్చీ ఇస్తామన్నారు, వద్దన్నాను, దారం తెచ్చుకున్నాను.

నలభై మూడో సర్వర్‌ని కూడా జాబితాలోకి ఎక్కించాను. ప్రతిదానికీ అది చేసే పని రాయాలని రూలు. ఇప్పుడు దానికి వేరే పనేమీ లేదు కదా, ఉన్నదే రాశాను: "ఎంక్వైరీ పిన్ని కాళ్ళు వెచ్చగా ఉంచడం." సాఫ్ట్‌వేర్ వెళ్ళి చూసొచ్చి పచ్చచుక్క పెట్టింది. నలభై మూడుకి నలభై మూడు. సారు ఆ వరుస దగ్గర ఆగి, కళ్ళజోడు పైకి జరుపుకుని, వేసవిలో దీని పని ఏమిటని అడిగారు. ఇంకా జవాబు చెప్పలేదు. నీకేమైనా తోస్తే రాయి.

రేపు ఒకటో తారీఖు. అత్తయ్య గోడగడియారం సరిచేసుకుంటుంది. ఏడున్నరకే తరమక్కర్లేదు. టీ నిదానంగా తాగమన్నానని చెప్పు.

పిడుగు